గీటా? బీటా?

సొట్టలమ్మ బట్టల ఫ్యాక్టరీ మేనేజరు గదిలో అడుగు పెట్టేసరికి గోడ గడియారం మూడూ ఐదు చూపిస్తోంది. ఐదింటికల్లా మేస్త్రిని కోర్టులో నిలబెడతారు. ఒకసారి రిమాండు రాసేశారంటే ఆ ముసలాయన్ని బయటికి లాగడం ఎవరి తరమూ కాదు. చేతిలో ఉన్నది రెండు గంటలు, అందులో ఐదు నిమిషాలు గేటు దాటడంతోనే అయిపోయాయి.

ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పంతొమ్మిదేళ్ళు బీమా కంపెనీలో సర్వేయరుగా చేసింది. గుద్దుకున్న కార్లూ, కాలిన గోదాములూ, తడిసిన బస్తాలూ చూసి ఎక్కడ ఏం పాడైందో రాయడమే పని. రేకు సొట్ట పోయింది, గాజు చిట్లింది, గుడ్డ చిరిగింది, కర్ర విరిగింది, తాడు తెగింది అని దేనికి తగ్గ మాట దానికే రాయాలి. ఒకదాని బదులు ఇంకొకటి పడితే కింద పనిచేసే కుర్రాళ్ళకి ఆ రోజు అన్నం సయించనిచ్చేది కాదు. ఆ ఉడుకుమోత్తనంతో వాళ్ళు పెట్టిన పేరే సొట్టలమ్మ. ఉద్యోగం మానేసి డిటెక్టివ్ పని మొదలుపెట్టి ఆరేళ్ళయింది, పేరు మాత్రం వదల్లేదు.

"రండి సొట్టలమ్మగారూ, రండి!" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కుర్చీలోంచి లేవకుండానే. "ఈ కేసులో సొట్టల్లేవు. అంతా నున్నగా ఉంది."

"మరీ నున్నగా ఉన్నచోటే జారి పడతారు బాబూ. పోయినేడాది గోదాము కేసులో చూశాంగా."

ఇన్‌స్పెక్టరు మొహం మాడింది. ఆ గోదాము దానంతట అదే అంటుకుందని ఆయన రాస్తే, ఎవరో అంటించారని సొట్టలమ్మ తేల్చింది. అప్పట్నుంచీ ఆవిడ కనిపిస్తే ఆయనకి ఒళ్ళు మంట.

కేసు చూడబోతే చిన్నదే. ఆ బట్టల ఫ్యాక్టరీ డాబా మీద నాలుగు సిమెంటు కాళ్ళ మీద నిలబెట్టిన నీళ్ళ ట్యాంకు మొన్న మంగళవారం సాయంత్రం కూలి, పక్కనున్న క్యాంటీను రేకుల మీద పడింది. లోపల టీ కాస్తున్న వంటావిడ అక్కడికక్కడే చనిపోయింది. పాతికేళ్ళుగా ఆ భవనానికి మరమ్మతులు చేస్తున్న మేస్త్రిని అదే రాత్రి పట్టుకెళ్ళారు, కాగితాల మీద అరెస్టు మాత్రం నిన్న సాయంత్రం చూపించారు. ట్యాంకు కాలు పగిలిందని తెలిసి కూడా, ఏదో చిన్న గీత పడిందన్నట్టు పుస్తకంలో రాసి ఊరుకున్నాడని నేరం.

నిన్న పొద్దున మేస్త్రి కూతురు వచ్చి సొట్టలమ్మ గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు కానీ చున్నీ కొసని వేలికి చుట్టీ చుట్టీ తాడు చేసేసింది.

"మా నాన్న రాసింది గీటు కాదమ్మా, బీటు. బీటనే రాశానని ఒట్టేస్తున్నాడు. పుస్తకంలో చూస్తే గీటనే ఉందంట. నాన్న కళ్ళు బాగానే ఉన్నాయి, చేతిరాత కూడా బాగుంటుంది. మరి ఎలా మారింది?"

"నువ్వు కూడా అక్కడే పనిచేస్తావా తల్లీ?"

"రెండో అంతస్తులో. తూర్పు వరసలో, స్తంభం పక్క మిషను నాది. సెలవు పెడితే ఆ మిషను ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. అందుకే ఇవాళ కూడా పనిలోకెళ్తున్నా."

ఒక్క అక్షరం తేడా. గీటంటే పైపైన పడ్డ గీత, బీటంటే లోపలిదాకా దిగిన పగులు. ఆ ఒక్క అక్షరం మీద ఒక మనిషి మిగిలిన బతుకంతా వేలాడుతోంది.

సొట్టలమ్మ మేనేజరు ఎదురుగా కూర్చుంది. నలభై ఐదేళ్ళ మనిషి. చొక్కా మడత నలగలేదు, కళ్ళ కింద మాత్రం రెండు రోజుల నిద్ర బాకీ ఉంది.

"ట్యాంకు ఎన్నింటికి పడింది?"

"నాలుగూ ఆరుకి మేడమ్. ఇక్కడ రోజూ నాలుగింటికి కరెంటు పోతుంది. జనరేటరు మొదలై ఐదు నిమిషాలైందో లేదో, పెద్ద చప్పుడు."

"మరమ్మతుల పుస్తకం పోలీసులకి ఎప్పుడిచ్చారు?"

"ఐదున్నరకి."

"మధ్యలో గంటా ఇరవై నాలుగు నిమిషాలు ఎక్కడుంది?"

"ఈ బీరువాలోనే. ట్యాంకు నీళ్ళన్నీ లోపలికి తన్నుకొచ్చాయి. పాపం, పుస్తకం తడిసిపోయింది."

ఇన్‌స్పెక్టరు తన ఇనప పెట్టెలోంచి పుస్తకం తీసి ఆవిడ ముందుకి తోశాడు. చింపడానికి వీల్లేకుండా ప్రతి పేజీకీ అంకె, ముద్ర ఉన్నాయి. ప్రతి వరసలోనూ తేదీ, చోటు, లోపం, చివర మేనేజరు సంతకం. కాగితాలన్నీ పీచు లేచి ముట్టుకుంటే దూదిలా ఉన్నాయి. అంచులు ఎలా ఉన్నాయో మధ్యభాగమూ అలాగే ఉంది.

"ఇది తడవలేదండీ, నానింది."

"రెండూ ఒకటేగా మేడమ్?"

"చినుకులు పడితే తడుస్తుంది. బకెట్లో ముంచితే నానుతుంది. బీరువాలో దీని పక్కనున్న పుస్తకాలకి చెమ్మ కూడా తగల్లేదే?"

మేనేజరు ఇన్‌స్పెక్టరు వంక చూశాడు. "అవి... ఎండలో పెట్టాం."

"దీన్ని పెట్టలేదా?"

"ఇదిగో అమ్మగారూ," అడ్డొచ్చాడు ఇన్‌స్పెక్టరు. "నానిందో తడిసిందో, అక్షరం కనబడుతోంది కదా? చూసుకోండి."

పదకొండు రోజుల కిందటి తేదీ. గుండ్రని చేతిరాత. *డాబా. ట్యాంకు మూడో కాలు. గీటు వారింది.*

సొట్టలమ్మ రెండుసార్లు చదివింది. అన్నంలో రాయి తగిలినట్టు ఏదో తగిలింది. ఏమిటో అందలేదు. కళ్ళజోడు తుడుచుకుని 'గీ' కింద వేలితో తడిమింది. పాత బ్లేడుతో అడుగుభాగం గీకేస్తే 'బీ' కాస్తా 'గీ' అయిపోతుంది, ఆ మాట నిజమే. కానీ పేజీ అంతా పీచు లేచి ఉంటే గీకిన చోటేదో, గీకని చోటేదో ఎలా తెలుస్తుంది?

"ల్యాబుకి పంపండి."

"పంపాను. పదిహేను రోజులన్నారు. కోర్టు ఐదింటికి." ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. "డాబా చూస్తానన్నారుగా, పదండి. మీ ముచ్చట ఎందుకు కాదనాలి?"

మూడూ ఇరవై రెండుకి డాబా మీదున్నారు. ట్యాంకు కాళ్ళు మోకాలెత్తున విరిగి, మొండాలు మాత్రం మిగిలాయి. మొదటి రెండూ, నాలుగోదీ విరిగినచోట తెల్లగా, కొత్తగా ఉన్నాయి. మూడోదాని దగ్గర సొట్టలమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. విరిగిన ముఖంలో సగం తెలుపు, సగం నలుపు. నలుపు భాగంలో పాచి పట్టింది, చీమలు పుట్ట కూడా పెట్టాయి. ఎన్నాళ్ళుగానో తెరుచుకుని ఉన్న పగులు అది.

కాలు పక్కన రెండంగుళాల వెడల్పున సిమెంటు పూత కనిపించింది. పగులుకి అడ్డంగా పల్చగా మెత్తి, పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో తేదీ గీశారు. పగులు పెరుగుతోందో లేదో కనిపెట్టడానికి పాతకాలపు మేస్త్రీలు చేసే పని. పగులు ఆగితే పూత నిలుస్తుంది, పెరిగితే పూత చీలుతుంది. ఇది నిట్టనిలువునా చీలింది.

"చూశారా?" అంది సొట్టలమ్మ. "గీత మీద ఎవరైనా ఇలా పూత పెడతారా? బీటని తెలిసే పెట్టాడు."

"అదే కదా నేనూ అంటున్నది!" ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "బీటని వాడికి తెలుసు. తెలిసి పుస్తకంలో గీటని రాశాడు. థాంక్సండీ, నా కేసు మీరే గట్టి చేసిపెట్టారు."

నిజమే, ఆ పూత రెండు వైపులా పదునున్న కత్తి. ఆవిడకి భయం వేసింది. ఇలాంటి భయం ఆరేళ్ళ కిందట ఒకసారి వేసింది. ఒక గోదాము గోడ చూసి, సాయంత్రమైపోతోందన్న తొందరలో 'పెచ్చులూడింది' అని రాసేసింది. రాయాల్సింది 'బీటు వారింది' అని. ఆరు వారాల తరవాత ఆ గోడ కాపలావాడి మీద పడింది. ఎవరూ ఆవిణ్ణి తప్పు పట్టలేదు. ఆవిడే రాజీనామా ఇచ్చేసింది. వంటావిడ రక్తం కడిగిన నేల పైనుంచి కనిపిస్తుంటే ఆ గోడ మళ్ళీ గుర్తొచ్చింది.

లేచి అటూ ఇటూ చూసింది. కూలిన ట్యాంకుకి పది అడుగుల దూరంలో, డాబా తూర్పు కొసన జనరేటరు ఉంది. చిన్న గదంత ఉంది.

"కొత్తదా?"

"రెండు నెలలైంది మేడమ్," అన్నాడు మేనేజరు. ఆ మాట అనేటప్పుడు మాత్రం గొంతులో కాస్త ఉత్సాహం వచ్చింది. "ఆటోమేటిక్కు. కరెంటు పోయిన ఇరవై సెకన్లకి దానంతట అదే మొదలవుతుంది. ఎవరూ పైకి రానక్కర్లేదు."

"ఆపాలంటే?"

"స్విచ్చు నా గదిలో ఉంది, తాళం వేసిన డబ్బాలో. అస్తమానం ఎవడో ఒకడు కెలుకుతాడని."

జనరేటరు కింద డాబా నేల మీద సొట్టలమ్మ అరచెయ్యి ఆనించింది. రెండు నెలలుగా రోజూ సాయంత్రం ఇది ఇక్కడ వణుకుతోంది. ట్యాంకు పడింది కూడా ఇది మొదలైన ఆరు నిమిషాలకే. కానీ కోర్టులో వణుకు సాక్ష్యం చెప్పదు.

మూడూ నలభై ఆరుకి మళ్ళీ మేనేజరు గది. ఇన్‌స్పెక్టరు పుస్తకాన్ని పెట్టెలో పెట్టి, ఇక అయిపోయిందన్నట్టు పెట్టెని బల్ల మీదనుంచి బరబరా తన వైపు లాక్కున్నాడు.

"అయ్యో సార్!" మేనేజరు ఎగిరిపడ్డాడు. "మెల్లిగా సార్! కొత్త బల్ల! చూడండి, గీటు పడింది!"

సొట్టలమ్మ కొయ్యబారిపోయింది.

"ఏమన్నారు?"

"బల్ల మేడమ్... గీటు పడింది."

"పడింది," అందావిడ. మళ్ళీ అంది, "పడింది!" అన్నంలో రాయి ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. ఇందాకట్నుంచీ కళ్ళతోనే చదివింది, చెవితో వినలేదు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఆ పుస్తకం తీయండి. ఆ వరస పైకి చదవండి."

"మళ్ళీనా? ఎన్నిసార్లు..."

"ఒక్కసారి. గట్టిగా."

ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూ తీశాడు. "డాబా. ట్యాంకు మూడో కాలు. గీటు వా..."

ఆగిపోయాడు. పెదాలు కదిలాయి కానీ మిగతా మాట నోట్లోంచి రానంది.

"ఏం, నోరు తిరగట్లేదా?" అంది సొట్టలమ్మ. "తిరగదు. పుట్టి బుద్ధెరిగాక మీరెప్పుడైనా 'గీటు వారింది' అన్నారా? మీ అమ్మగారన్నారా? గీటు పడుతుంది. వారేది బీటే. మేస్త్రి బీటు వారిందనే రాశాడు. ముందున్న అక్షరాన్ని ఎవరో గీకారు, వెనకున్న మాటని మర్చిపోయారు."

ఇన్‌స్పెక్టరు ఆ వరసని మళ్ళీ కళ్ళతో చదువుకున్నాడు.

"మేస్త్రి చదువుకున్నవాడు కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు చివరికి, గొంతు తగ్గించి. "తప్పు రాసుండొచ్చు."

"అయితే ఈ పుస్తకంలోనే చూద్దాం, అతను గీటుని ఏమంటాడో."

సొట్టలమ్మ పేజీలు తిరగేసింది. ఆ చేతిరాతలో భవనం ఒంటి నొప్పులన్నీ ఉన్నాయి. *మెట్ల పిట్టగోడ పెచ్చులూడింది. వెనక తలుపు గడియ ఊడింది. కుళాయి కారుతోంది. నాలుగో కిటికీ అద్దం చిట్లింది.* ఒక్కచోట కూడా మాట తప్పుగా పడలేదు. ఆ ముసలాయన్ని తన కింద పనికి పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

"ఇదిగో. *ముందు తలుపు అద్దం మీద గీటు పడింది.* ఇంకోటి. *లిఫ్టు తలుపు, గీటు పడింది.* చాలా?"

ఇన్‌స్పెక్టరు మేనేజరు వైపు తిరిగాడు. మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. మడత నలగని చొక్కా చంకల దగ్గర తడిసిపోయింది.

"నేను పైకెక్కి చూడలేదు సార్," అన్నాడు. "రోజూ పుస్తకం వస్తుంది, రోజూ సంతకం పెడతాను. చదవను. ట్యాంకు పడ్డాక తీసి చూస్తే, బీటన్న మాట పక్కన నా సంతకం ఉంది. నాకూ ఇద్దరు పిల్లలున్నారు సార్. పాత బ్లేడు తీశాను. అరగంట పట్టింది ఆ గీకడం. తరవాత మొత్తం నీళ్ళలో పెట్టాను."

అతని మీద జాలి, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి సొట్టలమ్మకి. వంటావిడ గుర్తొచ్చి కోపమే నిలిచింది.

"ఒక్క అక్షరం అడుగు గీకడానికి అరగంటా?"

మేనేజరు కళ్ళు పుస్తకం మీదనుంచి పక్కకి తిప్పుకున్నాడు.

ఆ తిప్పుకోవడం సొట్టలమ్మ చూసింది. గబగబా పేజీలు తిప్పింది. వేలు వరసల వెంట పరిగెత్తింది. పడింది, ఊడింది, వదులైంది, కారుతోంది, తుప్పు పట్టింది... మూడో పేజీలో ఆగింది. ట్యాంకు పడ్డ ముందురోజు తేదీ.

*రెండో అంతస్తు. తూర్పు వరస, నాలుగో స్తంభం. గీటు వారింది.*

"ఇదీ నువ్వే గీకావా?"

"సంతకం ఉంది కదా మేడమ్... దాని పక్కన కూడా..."

"ఆ స్తంభానికి సరిగ్గా పైన, డాబా మీద ఏముంది?"

మేనేజరు పెదాలు ఎండిపోయాయి. "జనరేటరు."

"ఇవాళ పైన ఎంతమంది పనిచేస్తున్నారు?"

"నూట ఎనభై మంది."

గడియారం మూడూ యాభై మూడు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఆ స్విచ్చు మీ పని!" అని అరుస్తూనే సొట్టలమ్మ గుమ్మం దాటేసింది. వెనక తాళాలగుత్తి కింద పడ్డ చప్పుడు, "ఏది? ఇందులో ఏదిరా తాళం?" అని ఇన్‌స్పెక్టరు గద్దించడం వినిపించాయి. యాభై ఆరేళ్ళ మోకాళ్ళు రెండంతస్తుల మెట్లని తిట్టుకుంటూ ఎక్కాయి.

పైన నూట ఎనభై మిషన్లు ఒక్కపెట్టున మోగుతున్నాయి. "బయటికి రండి! అందరూ కిందికి!" అని అరిచింది. తన గొంతు తనకే వినబడలేదు. దగ్గర్లో ఉన్న ఒకమ్మాయి తలెత్తి చూసి, ఎవరో పెద్దావిడ దేనికో తగాదా పడుతోందనుకుని మళ్ళీ కుట్టుకోసాగింది. సొట్టలమ్మ వరసల మధ్య నుంచి దూరి తూర్పు గోడ వైపు పరిగెత్తింది. ఒకటి, రెండు, మూడు... నాలుగో స్తంభం. నడుమెత్తు దాకా బట్టల మూటలు పేర్చి ఉన్నాయి. పక్క మిషను దగ్గర మేస్త్రి కూతురు.

"అమ్మా, మీరేంటిక్కడ? నాన్నకేమైనా..."

"మూటలు లాగు తల్లీ, లాగు!"

ఇద్దరూ లాగారు. మూటల వెనక, మోకాలెత్తున, స్తంభానికి అడ్డంగా సిమెంటు పూత ఉంది. మేకుతో గీసిన తేదీ సోమవారానిది. మూడు రోజులు కూడా కాలేదు. పూత మధ్యకి చీలి, రెండు ముక్కల మధ్య సొట్టలమ్మ చిటికెనవేలు గోరుదాకా దూరింది.

పిల్ల ఆ పూత వంక చూస్తూ ఉండిపోయింది. "నాన్న ఈమధ్య రోజూ మధ్యాహ్నం ఇక్కడికొచ్చేవాడమ్మా," అంది, సొట్టలమ్మ చెవి దగ్గర నోరు పెట్టి. "ఈ స్తంభానికి చెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. నన్ను చూడ్డానికొస్తున్నాడనుకున్నా. అందరి ముందూ ఎందుకొస్తావ్ నాన్నా అని కసిరాను కూడా."

"నిన్ను చూడ్డానికే వచ్చాడు," అంది సొట్టలమ్మ. "పద. ముందు బయటికి పద."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

నూట ఎనభై మిషన్లు ఒక్కసారిగా ఆగాయి. అంత చప్పుడు తరవాత వచ్చిన ఆ నిశ్శబ్దంలో ఎవరో తుమ్మితే అందరికీ వినపడింది. ఈ గదిలో తన గొంతు ఇక వినిపిస్తుందని సొట్టలమ్మకి తెలిసింది. అది వినిపించేది ఇరవై సెకన్లేనని కూడా తెలిసింది.

"అందరూ లేవండి! ఉన్నవి ఉన్నట్టు వదిలేయండి! మెట్ల వైపు పరిగెత్తండి! భవనం పడిపోతోంది!"

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తరవాత కుర్చీలన్నీ ఒకేసారి వెనక్కి జరిగాయి. కింద నుంచి, చాలా దూరం నుంచి, ఇన్‌స్పెక్టరు కేక మెట్ల మీదుగా వచ్చింది. "ఇది కాదు! ఇదీ కాదు! ఇంకోటివ్వు!" తాళాలు గలగలమన్నాయి.

పన్నెండు. పదమూడు. సొట్టలమ్మ లోలోపల లెక్కపెడుతోంది. పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకు లాగింది. "రండమ్మా! బీటు వారితే వారింది, రండి!"

సొట్టలమ్మ వేలు ఇంకా ఆ పూత చీలికలోనే ఉంది. ఇందాక గోరుదాకా దూరిన వేలు ఇప్పుడు మొదటి కణుపుదాకా వెళ్ళింది. జనరేటరు ఇంకా మొదలే కాలేదు.

"వారింది కాదు తల్లీ," అంది, వేలు బయటికి లాక్కుంటూ. "వారుతోంది."

తల మీద, డాబా తూర్పు కొసన, జనరేటరు ఒకసారి మూలిగి, మోత అందుకుంది.